రోజూ తినే హోటల్ యజమాని స్నేహితుడై డబ్బులు వద్దంటుంటే ఏం చేయాలి?

మీరు రోజూ టిఫిన్ చేసే చిన్న హోటల్ యజమాని మీకు మంచి స్నేహితుడయ్యాడనీ, ఇప్పుడు డబ్బులు తీసుకోవడానికి మొహమాటపడుతున్నాడనీ, కట్టకపోతే మీకు ఇబ్బందిగానూ కడితే ఆయన చిన్నబుచ్చుకుంటాడేమోననీ ఉందని రాశారు. ప్రతి ప్లేటుకూ కట్టండి. ఇంత గట్టిగా చెప్పడానికి విజయవాడ సింగ్‌నగర్‌లో నేను చాలా ఏళ్లుగా టిఫిన్ తింటున్న ఒక హోటలే కారణం.

నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. మా ఆవిడ ఉద్యోగం ఒంగోలులో కావడం వల్ల వారాంతాలు తప్ప మిగతా రోజులన్నీ సత్యనారాయణపురంలో ఒంటి కాపురమే. కాలేజీకి వెళ్లే దారిలో నాలుగు బల్లలున్న ఈ హోటల్ ఉంది. పెనం దగ్గర ఆయనే నిలబడతాడు, పచ్చళ్లూ గల్లాపెట్టే ఆయన భార్య చూసుకుంటుంది. నేను వాళ్లను బాబాయ్, పిన్నిగారు అని పిలుస్తాను, వాళ్లు నన్ను మాష్టారూ అంటారు. బెజవాడలో హోటలాయనను బాబాయ్ అనడం కొత్తేమీ కాదు, గాంధీనగర్‌లోని బాబాయ్ హోటల్‌కు ఆ పేరు నిలిచిపోయింది కూడా అలాగే.

మా పరిచయం స్నేహమైంది ఆయన ఏదో అదనంగా వడ్డించినందువల్ల కాదు, వడ్డించనన్నందువల్ల. ఒక వేసవిలో కాలేజీ పని ముగించుకుని బాగా ఆలస్యంగా వెళ్లి పెసరట్టు అడిగితే, ఆయన పెనం మీద నూనెలో ముంచిన సగం ఉల్లిపాయను రుద్దుతూనే నా వైపు వంగి, “పిండి తెల్లవారుజామున రుబ్బింది మాష్టారూ, మీకు వద్దు, ఉప్మా తినండి” అన్నాడు. పెసర పిండి దోసె పిండిలాగా పులియబెట్టేది కాదు. నానిన పెసలను అల్లం, పచ్చిమిరపకాయలతో రుబ్బి అప్పటికప్పుడు పోస్తేనే దాని రుచి, అందులోనూ మే నెల ఎండల్లో పూట తిరిగేసరికే పులుపు తిరుగుతుంది. అడిగినవాడికి అట్టు పోసి డబ్బు తీసుకుంటే కాదనేవాడు ఎవడూ లేని చోట ఆయన ఆ మాట చెప్పాడు, మిగిలిన పిండిని కూడా ఇంకెవరికీ పోయలేదు. కొబ్బరి పచ్చడి విషయంలోనూ అంతే, ఎండాకాలంలో పొద్దెక్కితే దాన్ని పక్కన పెట్టి, చింతపండూ బెల్లం ఉండడం వల్ల నిలవ ఉండే అల్లం పచ్చడి వేస్తాడు.

అలా చెప్పే మనిషికి మనమూ అలాగే చెప్పాలి. సాంబారులో పప్పు ఉడకలేదనో, ఇడ్లీ గట్టిపడిందనో నాకు అనిపిస్తే నలుగురి ముందూ అనను, ఇంటర్నెట్‌లో రేటింగ్ చుక్కలు తగ్గించి ఊరుకోను, రద్దీ తగ్గాక ఆయనకే చెబుతాను. ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఆయనతో కబుర్లు పెట్టుకోవడం స్నేహం కాదు, నష్టం కలిగించడం. నాలుగు బల్లల హోటల్లో ఒక కుర్చీని అరగంట పట్టుకు కూర్చుంటే ఇద్దరు ముగ్గురు బయటి నుంచే చూసి వెళ్లిపోతారు. (ఈ సంగతి కాఫీ తాగుతూ పేపరు మొత్తం చదివేవాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.) ఆ వేళలో నేను ప్లేటు పట్టుకుని వంటగది గుమ్మం పక్కన నిలబడి తినేస్తాను. మా మాటలన్నీ పెనం చల్లారిన తరువాతే.

ఇక డబ్బు విషయం. హోటళ్లకు వాడే 19 కిలోల గ్యాస్ సిలిండర్ ధర సాధారణంగా నెల మొదటి తేదీన మారుతూ ఉంటుంది, మినప్పప్పు ధర ఎప్పుడు పెరుగుతుందో ఎవరికీ తెలియదు. 2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటినప్పుడు ఆయన టమాటా పచ్చడి మానేశాడు గానీ, తినేవాళ్లలో ఎక్కువమంది ఆటోవాళ్లూ ముఠా కూలీలూ కావడం వల్ల ఇడ్లీ ధర పెంచలేదు. అంత సన్నని లాభంలోంచి నా ప్లేటు ఉచితంగా పోవడం నాకు ఒప్పుదల కాలేదు. కొన్నాళ్లు ఆయన క్యూఆర్ కోడ్ బిళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. నేను బయటికి వెళ్లి, ఫోనులో దాచుకున్న ఆయన నంబరుకు పంపితే, గల్లాపెట్టె పక్కనున్న స్పీకరు ఎంత సొమ్ము అందిందో హోటలంతా వినిపించేలా అరిచేది. పిన్నిగారు నవ్వేసి, “మాష్టారు కట్టేశారు, ఇక ఊరుకో” అనడంతో ఆ పేచీ తీరిపోయింది.

ఈ లెక్క విలువ 2024 సెప్టెంబరులో తెలిసింది. బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగినప్పుడు, రోజూ వందల మందికి వడ్డించే ఆయన తన ఇంటి పైఅంతస్తులో పడవలో వచ్చే ఆహార పొట్లం కోసం ఎదురుచూశాడు. నీరు తీశాక హోటల్ తెరిచి చూస్తే గ్రైండర్ మోటారు పాడైపోయింది, మినప్పప్పు బస్తాలు ఉబ్బి కుళ్లి వాసన కొడుతున్నాయి, గోడ మీద నడుము పైదాకా బురద చార ఉంది. నేను కొంత డబ్బు తీసుకువెళ్తే ఆయన ముట్టుకోలేదు. “సహాయం కాదు బాబాయ్, నా టిఫిన్ ఖర్చు ముందుగా కడుతున్నాను, ఖాతా రాసుకో” అన్నాక తీసుకున్నాడు. అన్నాళ్లూ ప్లేటు ప్లేటుకూ లెక్క నడిచి ఉండకపోతే ఆ మాట ఉత్త సాకులా వినిపించేది, ఆయన అభిమానం అడ్డొచ్చేది. పిన్నిగారు స్కూలు నోటుపుస్తకంలో నా పేరున ఒక పేజీ తీసి, హోటల్ మళ్లీ మొదలైన రోజు నుంచీ నేను తిన్న ప్రతి ఇడ్లీనీ కాఫీనీ అందులోంచి తగ్గిస్తూ వచ్చింది. ఆ మొత్తం తీరిపోయిన రోజున, “రేపటి నుంచి మామూలే మాష్టారూ” అని ఆ పేజీకి అడ్డంగా గీత కొట్టి చూపించింది.

కాబట్టి మీ హోటలాయన వద్దంటున్నాడంటే మీరంటే ఇష్టమని అర్థం చేసుకోండి గానీ ఆ మాట పాటించకండి. తిన్నాక కడితే పేచీ వస్తుంది కనుక ముందే కట్టి కూర్చోండి. పండగకు ఆయన ఇంట్లో అరిసెలు చేసి పెడితే మాత్రం డబ్బు తీయకండి, అది హోటల్ సరుకు కాదు. నేనిప్పటికీ పెసరట్టుకు ముందే కట్టేస్తాను. పిండి బాగాలేదంటే ఉప్మా ధర పోను మిగిలిన చిల్లర ఆయన నా చేతిలో పెడతాడు, నేను లెక్క చూసుకుని జేబులో వేసుకుంటాను.