సున్నపు గోడకు సిమెంటు వద్దండి

విజయనగరం గంటస్తంభం దగ్గర మీ తాతగారి ఇంటి ముందు గోడ నల్లబడి పెచ్చులు రాలుతోందని, మేస్త్రి యాసిడ్‌తో కడిగి సిమెంటు పూద్దామన్నాడని రాశారు. దయచేసి ఆ రెండూ చేయించకండి. ఏళ్ల తరబడి పట్టిన పొగలోని గంధకం తేమతో కలిసి సున్నాన్ని జిప్సంగా మారుస్తుంది. మసి అందులో ఇరుక్కుని నల్లగా గట్టిపడుతుంది. వాన తగలని చూరు కింద నలుపు ఎక్కువ ఉంటుంది, చూడండి. యాసిడ్ మిగిలిన సున్నాన్నీ తినేస్తుంది. సిమెంటు పూస్తే చెమ్మ బయటికి రాలేక లోపలి ఇటుక పిండైపోతుంది.

ముందు ఒక మూల మెత్తటి కుంచె, మంచినీళ్లతో రుద్ది చూడండి. ఊడిన చోట బాగా నానిన సున్నం, ఇసుకతోనే పూయించి వెల్ల వేయించండి. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరికేదాకా ఆగినా నష్టం లేదు.

అమ్మగారి దగ్గు గురించి ఒక్క ముక్కే రాశారు. నాకు గోడకంటే అదే టెన్షన్‌గా ఉంది. పొగలో 2.5 మైక్రాన్లకంటే సన్నటి కణాలు ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. దగ్గు 2 వారాలు దాటితే డాక్టరుకు చూపించి కఫం పరీక్ష కూడా చేయించండి. రద్దీ వేళ వీధి కిటికీలు మూసి పెరటి తలుపు తీయండి. గోడ గీకే రోజుల్లో ఆవిడను ఆ ఇంట్లో ఉంచకండి.