ముందు తేగ చీల్చు, తర్వాత రాయి

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ వ్యాసం చేరి పదిహేను రోజులైంది. కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, డాక్టరు చదవొద్దన్నాడు. అయినా ఇంట్లోవాళ్లు చూడకుండా రెండుసార్లు చదివాను. ‘విత్తనాల వింత ప్రయాణం’ అనే పేరు మాత్రం మార్చెయ్. వింత, అద్భుతం, మాయ లాంటి మాటలు ముందే పైన రాసేస్తే, చదివేవాడు తనంతట తాను ఆశ్చర్యపోయే అవకాశం పోతుంది.

ఇక అసలు సంగతి. గాలి ద్వారా అని ఒక పేరా, నీటి ద్వారా అని ఒకటి, జంతువుల ద్వారా అని ఇంకొకటి, కాయ పగలడం ద్వారా అని చివరిది. ఒక్కోదాంట్లో మూడేసి ఉదాహరణలు. తప్పులేమీ లేవు. ఎనిమిదో తరగతి పేపరైతే పదికి పది వేసేవాణ్ని. కానీ గాలి పేరాలో డాండిలయాన్, మేపుల్ అని రాశావు. డాండిలయాన్ నువ్వెప్పుడైనా చూశావా? నేను ఫొటోల్లోనే చూశాను. మీ ఊరి బస్టాపు వెనక జిల్లేడు పొద లేదంటే నేను నమ్మను.

రేపు పొద్దున వెళ్లి ఆ జిల్లేడు దగ్గర నిలబడు. ఎండి పగిలిన కాయ ఒకటి చూసుకో. లోపల గోధుమరంగు విత్తనాలు చేప పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక్కోదానికి ఒక కొసన మాత్రమే పట్టు కుచ్చు ఉంటుంది. తడి ఆరేకొద్దీ ఆ కుచ్చు గొడుగులా విచ్చుకుంటుంది. గాలికి లేచినవాటిని కాసేపు వెంబడించు. చాలాసార్లు ఎగురుతున్నది ఉత్త కుచ్చే, విత్తనం దారిలోనే రాలిపోయి ఉంటుంది. పువ్వు దగ్గర ఇంకాసేపు ఆగితే నల్ల తుమ్మెద వస్తుంది. జిల్లేడు పుప్పొడి పొడిపొడిగా రాలదు. చిన్న సంచుల్లా జంటగా ముద్దకట్టి, తుమ్మెద కాలికి తగులుకుని ఇంకో పువ్వుకు పోతుంది. ఇదంతా చూసొచ్చాక ‘గాలి ద్వారా వ్యాప్తి’ అని శీర్షిక పెట్టడానికి నీకే మనసు రాదు.

నువ్వు వ్యాసంతో పాటు ఒక ఉత్తరం కూడా పెట్టావు కదా. అందులో, “మా అమ్మ సీడ్ పత్తిల క్రాసింగ్‌కు పోతది సార్, మాపటికి గానీ రాదు, వంట నేనే చెయ్యాలి, రాయనీకి టైం దొరకదు” అని రాశావు. ఆ ఒక్క వాక్యం నీ ఐదు పేజీల పెట్టు. గద్వాల వైపు పుట్టి, తుమ్మెద చెయ్యాల్సిన పని మనుషులు చేస్తుంటే రోజూ చూస్తూ, మేపుల్ గింజ గురించి రాస్తావేమిటి?

ఆ పని నేను ఒకసారి మీ వైపు వచ్చినప్పుడు చూశాను. తల్లిగా ఎంచుకున్న రకాన్ని ఆడ లైను అంటారు, తండ్రి రకాన్ని మగ లైను. ఆడ లైను మొక్కల్లో, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజే పట్టుకుని, రేకుల్నీ, పుప్పొడి ఉండే కేసరాల్నీ గోటితో ఒలిచేస్తారు. పుప్పొడి అందుకునే లోపలి కీలం మాత్రం బోడిగా మిగులుతుంది. గోరు కాస్త లోతుగా దిగితే అండాశయం చితికిపోతుంది, కాయ కట్టదు. గుర్తుకు ఒక కాగితమో దారమో తగిలిస్తారు. మర్నాడు పొద్దున మగ లైను పువ్వులు కోసుకొచ్చి, ఒక్కో పువ్వుతో కొన్ని కీలాలకు పుప్పొడి రుద్దుతారు. ఎండ ముదిరితే పుప్పొడి పనికిరాదు కాబట్టి అంతా హడావుడే. ఇలా పండించిన తొలి పత్తి హైబ్రిడ్ హెచ్-4. సూరత్‌లో చంద్రకాంత్ పటేల్ తయారుచేసింది, 1970లో వచ్చింది. దేశంలో హైబ్రిడ్ పత్తి ఎక్కడ వేసినా, చాలావరకు దాని గింజ వెనక ఎవరో ఒకరి వేలిగోళ్లుంటాయి. అమ్మనడుగు. రోజుకు ఎన్ని మొగ్గలు? వేళ్లు ఏ రంగుకు తిరుగుతాయి? కేసరాలను, కీలాన్ని వాళ్లు ఏమంటారు? తెలుగు మీడియం పుస్తకంలో మాటలు నాకు తెలుసు. చేలో మాటలు నువ్వు చెప్పాలి.

ఇంకో సంగతి కూడా అదే పత్తిలో ఉంది. దూది అంటే విత్తనం మీది నూగే. గింజ పైపొరలోని ఒక్కో కణం సాగి ఒక్కో పోగవుతుంది. జిల్లేడుకు ఒక కొసనే కుచ్చు, పత్తి గింజకు ఒళ్లంతా. రెండూ పక్కపక్కన అరచేతిలో పెట్టుకుని రాయి, అంతకంటే అలంకారం అక్కర్లేదు.

ఇప్పుడు మా గోదావరి వైపు తేగల కాలం. మీ వైపు గేగులంటారేమో. మా తాతల కాలం నుంచీ తాటి టెంకకు సంబంధించి ఇక్కడ నాలుగు పేర్లు వాడుతున్నాం. ముంజ, బుర్రగుంజు, తేగ, చందమామ. నేను డిగ్రీలో వృక్షశాస్త్రం చదివి ప్యాసయ్యాక కూడా ఈ నాలుగూ ఏమిటో నాకు తెలియదు. అంకురచ్ఛదం అంటే ఏమిటని అడిగితే, గింజలో పిండానికి దాచిన తిండి అని గడగడా చెప్పేవాణ్ని. అది వేసవిలో నేను బొటనవేలితో లాక్కుని తిన్న ముంజేనని మాత్రం తట్టలేదు.

పువ్వులోకి చేరిన పుప్పొడి నుంచి రెండు మగకణాలు లోపలికి వెళ్తాయి. ఒకటి అండంతో కలిసి పిండమవుతుంది. రెండోది మధ్యలో ఉన్న వేరే కేంద్రకాలతో కలిసి ఆ పిండానికి తిండి అవుతుంది. 1898లో సెర్గీ నవాషిన్ అనే రష్యన్ శాస్త్రవేత్త లిల్లీ జాతి పువ్వుల్లో ఇది కనిపెట్టాడు. ద్విఫలదీకరణం అని నోరు తిరగని పేరు పెట్టి మన పుస్తకాల్లో ఒక బొమ్మ వేస్తారు. ఆ రెండో కలయికే ముంజ, అదే కొబ్బరినీళ్లు. కాయ ముదిరితే ముంజ రాయిలా గట్టిపడుతుంది. భాద్రపదంలో పండు రాలాక టెంకల్ని పాతర వేస్తాం. టెంక నుంచి మొలక పైకి రాదు, నేలలోకి దిగుతుంది. బీజదళమే గొట్టంలా సాగి, పిండాన్ని మోసుకుంటూ కిందికి పోతుంది. దాని రెండో కొస టెంకలోనే ఉండిపోయి, మెత్తగా ఉబ్బి, గట్టిపడిన ముంజను కరిగించి కిందికి పంపుతుంది. పిల్లలు టెంక పగలగొట్టి తినే బుర్రగుంజు అదే. కిందికి చేరిన తిండి నిండి తేగ ఊరుతుంది. తేగను నిలువునా చీలిస్తే మధ్యలో లేతగా కనిపించే చందమామ మొదటి ఆకు.

హైదరాబాదులో బండి మీద కొబ్బరి పువ్వు అని అమ్ముతారు చూడు, అదీ ఇదే, మొలకెత్తిన కాయలో ఉబ్బిన పీల్చే భాగం. పువ్వు కానే కాదు. అందుకే చెబుతున్నాను, జనం పెట్టిన పేరు దగ్గర మొదలుపెట్టు గానీ అక్కడే ఆగిపోకు. బుర్రగుంజు అన్నవాడు సరిగ్గానే చూశాడు. కొబ్బరి పువ్వు అన్నవాడు చూడలేదు.

నేనూ ఒకసారి ఇలాగే బోల్తాపడ్డాను. ముప్పై ఏళ్ల కిందట ఒక వారపత్రికలో మేడిపండు మీద రాశాను. పొట్ట విప్పితే పురుగులుంటాయని బడిలో అప్పజెప్పిన పద్యం తలలో ఉందిగా, పురుగు పట్టడం ఆ పండుకున్న తెగులని తేల్చేశాను. వారం తిరక్కుండా ఒక రిటైర్డ్ మాస్టారు పోస్టుకార్డు రాశారు. “మీరు పండు కోసినట్టున్నారు. కాయలు కూడా కోసి చూడండి.” సంతకం తప్ప ఇంకేమీ లేదు.

ఒళ్లు మండింది. తర్వాత సిగ్గేసింది. కాలవగట్టు మీది మేడిచెట్టు దగ్గరికి రెండు నెలలు తిరిగాను, బ్లేడు పట్టుకుని. మేడికి పూలు లేవంటారు గానీ, మనం కాయ అనుకునేదే పూల బుట్ట, లోపలివైపుకు తిరిగి ముడుచుకున్న బుట్ట. కొసన సూది మొనంత దారి. ఆవగింజంత కందిరీగ ఒకటి ఆ దారిన దూరుతుంది. దూరేటప్పుడే రెక్కలు ఊడిపోతాయి, మళ్లీ బయటికొచ్చే పని లేదు. వెంట తెచ్చిన పుప్పొడి పూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. గుడ్లు పడని పూలు గింజలవుతాయి. పిల్లల్లో మగవాటికి రెక్కలుండవు. ఆడవాటితో కలిసి, బయటికి కన్నం తొలిచి, వాటి కథ అక్కడితో సరి. ఆడవి అప్పుడే విచ్చుకున్న మగ పూల పుప్పొడి మోసుకుని ఆ కన్నంలోంచి ఎగిరిపోతాయి. వాటికి బతుకు ఒకటి రెండు రోజులే, ఆలోపు ఇంకో మేడికాయ దొరకాలి. అవి వెళ్లిపోయాకే కాయ ఎర్రబడి మెత్తబడుతుంది. గబ్బిలాలు, పిట్టలు, కోతులు తిని గింజల్ని ఊరంతా చల్లుతాయి. ఆ పురుగు రాకపోతే మేడిపండుకు గింజే లేదు. నేను దాన్ని తెగులని రాశాను! ఆ పోస్టుకార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

ఇక నీ భాష. ‘మొక్క తెలివిగా పక్షులను ఆకర్షిస్తుంది’, ‘విత్తనం దూరంగా వెళ్లడం కోసం రెక్కలు తయారుచేసుకుంటుంది’ అని రాశావు. ఈ ‘కోసం’ దగ్గర జాగ్రత్త. తాటి మొలక నిప్పు నుంచీ మేకల నుంచీ తప్పించుకోవడం కోసం నేలలోకి దిగిందని రాస్తే బాగానే ఉంటుంది, కానీ టెంకకు మేక సంగతి తెలియదు. లోతుగా దిగినవి బతికాయి, పైన ఉన్నవి మాడిపోయాయి, బతికినవాటి సంతానమే మనకు మిగిలింది. నాలుగు మాటలు ఎక్కువైనా అలాగే రాయి. మొక్కకు తెలివి అంటగట్టిన ప్రతిచోటా రాసేవాడు ఒక కారణం చెప్పకుండా ఎగ్గొట్టాడని నా అనుమానం. పిల్లల కథ రాస్తుంటే వేరే సంగతి.

ఒక పెద్ద లోటు కూడా ఉంది. విత్తన మొక్కలు అని మొదలుపెట్టి పూలమొక్కల దగ్గరే తిరిగావు. పువ్వూ కాయా లేకుండా గింజ బయటికే కనిపించే మొక్కలున్నాయి కదా. ఆఫీసుల ముందు కుండీల్లో పెట్టే సైకస్ చాలు. వాటి మగకణాలు ఈదుతాయని 1896లో జపాన్‌లో ఇకెనో అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. మన శేషాచలం కొండల్లో ఒక సైకస్ ఉంది, పేరిత అంటారు. కడప, తిరుపతి వైపు కొండల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మగ కంకుల్ని మందుల కోసం కోసుకుపోతుంటే ఇక ఆడ మొక్కకు గింజ కట్టేదెలా? దాని శాస్త్రీయ నామం సైకస్ బెడ్డోమీ. బ్రిటిష్ కాలపు మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారిగా పనిచేసిన బెడ్డోమ్ పేరు మీద పెట్టింది.

ఆ బెడ్డోమ్ పేరు ఇంకోచోట కూడా తగులుతుంది. వంటచెరకు కొరత తీరుతుందని జమైకా నుంచి ఒక ముళ్లచెట్టు విత్తనాలు తెప్పించమని 1876లో రాసింది ఆయనే. 1877లో కడప జిల్లా కమలాపురంలో వాటిని నాటారు. అదే సర్కారు తుమ్మ. సర్కారు నాటింది కాబట్టి ఆ పేరు. కాయ తియ్యగా ఉంటుంది, మేకలూ పశువులూ ఇష్టంగా తింటాయి. గట్టి గింజ కడుపులో అరగకుండా, పైపొర కాస్త మెత్తబడి, పెంటతో పాటు బయటపడుతుంది. మంద ఎక్కడ తిరిగితే అక్కడ మొలుస్తుంది. ఒకే జిల్లా, ఒకే మనిషి. ఆయన పేరు పెట్టుకున్న మొక్క కొండ దిగలేదు, ఆయన తెప్పించిన మొక్క చెరువులన్నీ ఆక్రమించింది. నీ వ్యాసంలో ‘జంతువుల ద్వారా’ అనే పేరాలో సర్కారు తుమ్మకు అర వాక్యం ఇచ్చావు, పల్లేరుకు, ఉత్తరేణికి మధ్యన ఇరికించి. ఇంత కథ ఉన్న మొక్కను అలా ఇరికించొచ్చా? దీన్ని ఇంకో వ్యాసానికి దాచుకో.

ప్రస్తుతానికి పత్తి మీద మాత్రమే రాయి. మూడు పేజీలు మించకూడదు. నవాషిన్ వద్దు, బెడ్డోమ్ వద్దు, మేడి వద్దు. అవి నావి. అమ్మతో పాటు ఒక రెండు రోజులు చేలోకి వెళ్లి నువ్వూ మొగ్గలు ఒలువు. మొదటి రోజు ఎన్ని చితికిపోయాయో లెక్కపెట్టి అది కూడా రాయి. వంట సంగతి ఆ రెండు రోజులు మీ నాన్న చూసుకుంటాడు, నేను చెప్పానని చెప్పు.

ఈ ఉత్తరంతో పాటు పార్సిల్లో అరడజను తేగలు పంపుతున్నాను, పచ్చివి. ఐదు ఉడకబెట్టుకుని తినండి. ఒకటి మాత్రం చీల్చి, చందమామ ఎంతవరకూ వచ్చిందో కొలిచి రాయి. పాతర వెయ్యని టెంక కూడా ఒకటి పెట్టాను. మీ పెరట్లో ఓ మూల పాతిపెట్టు. అది పోతు తాడో పెంటి తాడో పూతకొస్తే గానీ తెలియదు, దానికి పన్నెండు పదిహేనేళ్లు పడుతుంది. వ్యాసం మాత్రం ఉగాది లోపల పంపాలి.

ఉంటాను,
మీ మాస్టారు