సింగపూర్‌లో పండుగలకు సెలవులు ఎలా ఉంటాయి? సంక్రాంతికి, ఉగాదికి సెలవిస్తారా?

వచ్చే జనవరిలో ఉద్యోగానికి సింగపూర్ వస్తున్నామని, భార్య, ఆరేళ్ళ పాప కూడా వెంట వస్తున్నారని, అక్కడ మన పండుగలు చేసుకోగలమా అని అడిగారు. నేను ఇక్కడికొచ్చి పదకొండేళ్ళు. నాకు తెలిసింది చెబుతాను.

సంక్రాంతికి, ఉగాదికి, దసరాకి, వినాయక చవితికి ఇక్కడ సెలవు లేదు. ఏడాదికి మొత్తం 11 ప్రభుత్వ సెలవులు. జనవరి ఒకటి, చైనీస్ న్యూ ఇయర్‌కి రెండు రోజులు, రంజాన్ (ఇక్కడ హరి రాయ పువాసా అంటారు), గుడ్ ఫ్రైడే, మే డే, వేసాక్ (మన బుద్ధపూర్ణిమ), బక్రీదు (హరి రాయ హాజీ), ఆగస్టు 9 నేషనల్ డే, దీపావళి, క్రిస్మస్. సెలవు ఆదివారం పడితే సోమవారం ఇస్తారు. 2023లో దీపావళి నవంబర్ 12, ఆదివారం వచ్చింది. మర్నాడు అందరూ ఇంట్లోనే ఉన్నారు.

కొత్తగా వచ్చినవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మీకూ మీ కంపెనీకీ ఒప్పుదల అయితే ఒక ప్రభుత్వ సెలవు రోజు పనిచేసి, దానికి బదులు ఇంకో రోజు సెలవు తీసుకోవచ్చు. చట్టం దీన్ని అనుమతిస్తుంది. నేను రెండుసార్లు గుడ్ ఫ్రైడేనాడు పనిచేసి ఉగాదికి ఇంట్లో ఉన్నాను. మొదటి ఏడాది వార్షిక సెలవులు చట్టప్రకారం కనీసం ఏడే కాబట్టి (చాలా కంపెనీలు ఎక్కువే ఇస్తాయి), ఈ మార్పిడి చాలా పనికొస్తుంది. చేరిన వెంటనే మేనేజర్‌ని అడగండి, మొహమాటపడకండి. ఇక్కడ పండుగ కోసం అడిగితే ఎవరూ వింతగా చూడరు.

దీపావళి గురించి ముందే చెప్పాలి. ఇక్కడి దీపావళి తమిళుల లెక్కన నరక చతుర్దశి. తెల్లవారుజామున తలంటు, కొత్తబట్టలు, గుడి. మనకి ముఖ్యం అమావాస్య సాయంత్రం లక్ష్మీపూజ. కొన్నేళ్ళు రెండూ ఒకే రోజు కలుస్తాయి, కొన్నేళ్ళు కలవవు. 2018లో సెలవు నవంబర్ 6న, లక్ష్మీపూజ 7న. ఆ 7వ తేదీ ఆఫీసులో ఉండిపోయి, రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చి దీపాలు పెట్టాం. అప్పటినుంచి కొత్త ఏడాది సెలవుల జాబితా రాగానే పంచాంగం పక్కన పెట్టుకుని చూస్తాను. టపాసులు కాల్చాలని పాప అడిగితే కాకరపువ్వొత్తులతో సరిపెట్టాలి. 1972 నుంచి ఇక్కడ టపాసుల మీద నిషేధం. ఆ నిషేధంతో చైనీస్ న్యూ ఇయర్ బోసిపోకూడదనే 1973లో చింగే ఊరేగింపు మొదలుపెట్టారు.

హిందువులకు ఈ ఒక్క సెలవేనా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. 1968కి ముందు తైపూసం (తమిళుల మురుగన్, అంటే మన సుబ్రహ్మణ్యస్వామి పండుగ) కూడా సెలవు దినమే. బ్రిటిష్ సైన్యం వెళ్ళిపోబోతోంది, దేశం కొత్తది, పనిదినాలు పెరగాలని సెలవులు తగ్గించారు. హిందువులు తైపూసం వదులుకుని దీపావళి ఉంచుకున్నారు. ముస్లింలు ప్రవక్త జన్మదినం, క్రైస్తవులు ఈస్టర్ సోమవారం, బాక్సింగ్ డే వదులుకున్నారు. ఇది తెలిశాక నాకు ఈ పదకొండు రోజుల మీద గౌరవం పెరిగింది. ప్రతి ఇంటివాళ్ళూ తమ పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసిస్తే కుదిరిన లెక్క ఇది.

సెలవు పోయినా తైపూసం పోలేదు. సెరంగూన్ రోడ్డు శ్రీనివాస పెరుమాళ్ గుడి నుంచి ట్యాంక్ రోడ్డు తెండాయుధపాణి గుడి దాకా, మూడు కిలోమీటర్లకు పైగా, పాలకుండలతో, కావడులతో, బుగ్గల్లో శూలాలు గుచ్చుకుని నడుస్తారు. వాళ్ళలో చాలామంది ఆ రోజుకి సెలవు పెట్టుకునే వస్తారు. ఒక ఏడాది నేను ఆఫీసు అయ్యాక అక్కడికి వెళ్ళాను. వీపునిండా కొక్కేలున్న ఒకాయన పక్కన ఆయన తల్లి నడుస్తోంది. ఆవిడ ‘వేల్ వేల్’ (మురుగన్ శూలం పేరు) అన్నప్పుడల్లా ఆయన అడుగు ముందుకు పడుతోంది. సెలవు ఇచ్చారా లేదా అన్న నా గొణుగుడు ఆ రోజుతో ఆగిపోయింది. మీరు తప్పక వెళ్ళండి. పాపను ఎత్తుకుని చూపించండి.

ఇక ఇంటి సంగతి. మీరు బహుశా హెచ్‌డీబీ (ప్రభుత్వం కట్టించిన) ఫ్లాటులో అద్దెకుంటారు. పొడుగాటి వరండా, వరసగా తలుపులు. మా వరండాలో ఒకవైపు మలయ్ కుటుంబం, ఇంకోవైపు చైనీస్ ఆంటీ. మొదటి మూడేళ్ళు మేము ఏ పొడవాటి వారాంతం వచ్చినా బాలీకో, బ్యాంకాక్‌కో టికెట్లు కొన్నాం. పొరుగువాళ్ళతో నవ్వులు తప్ప మాటల్లేవు. అది పోగొట్టుకున్న కాలమని ఇప్పుడు బాధగా ఉంటుంది.

2024 ఉగాది మంగళవారం, ఏప్రిల్ 9. అది రంజాన్ ఉపవాసాల్లో ఇరవైతొమ్మిదో రోజు కూడా. సెలవు పెట్టి బొబ్బట్లు చేశాం. పక్కింటి మక్‌చిక్‌కి (మలయ్‌లో పెద్దావిడను అలా పిలుస్తారు) పట్టుకెళదామంటే మా ఆవిడ తటపటాయించింది. వాళ్ళు తింటారో తినరో, హలాల్ సంగతి మనకేం తెలుసని. నేను వెళ్ళి సూటిగా అడిగాను. మా ఇంట్లో మాంసం వండమని తెలుసుకుని, ‘ఏడు దాటాక రండి, మాతోపాటే తిందురుగాని’ అంది. ఉపవాసం విడిచే వేళకి వెళ్ళాం. ఖర్జూరం, నీళ్ళు, తర్వాత మా బొబ్బట్లు, ఒక గిన్నెలో ఉగాది పచ్చడి. వేపపువ్వు నాలుక్కి తగలగానే ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆరు రుచులెందుకో మా అబ్బాయి చెప్పాడు. అంతలో టీవీలో ముఫ్తీ ప్రకటన వచ్చింది, రేపే హరి రాయ అని. ఆవిడ గబగబా లేచి వంటింట్లోకి వెళ్ళింది, కెటుపాట్ (ఆకుల అల్లికలో ఉడికించే అన్నం) ఇంకా ఉడకాలట. మర్నాడు ఉదయం వాళ్ళింట్లో పిల్లలు వరసగా పెద్దల ముందు మోకాళ్ళమీద కూర్చుని, చేతులు పట్టుకుని, ఏడాదిలో చేసిన తప్పులకి క్షమాపణ అడిగారు. ‘మాఫ్ జాహిర్ దాన్ బాతిన్’ అంటారు. పైకి చేసినవీ, మనసులో అనుకున్నవీ రెండూ మన్నించమని. మా అబ్బాయి కూడా వెళ్ళి కూర్చున్నాడు, ఎవరూ చెప్పకుండానే.

2025లో కూడా ఉగాది మార్చి 30, హరి రాయ 31. రెండూ అమావాస్యని పట్టుకుని వచ్చేవే. వాళ్ళ లెక్కలో అధికమాసం లేదు కాబట్టి రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకొస్తుంది. 2026లో మనకి అధిక జ్యేష్ఠం ఉంది, అందుకని 2027లో ఉగాది ఏప్రిల్‌కి పోతుంది, ఈ రెండు పండుగలూ విడిపోతాయి. ఉపవాసాల నెలలో రాత్రిపూట మలయ్‌ల పేట గేలాంగ్ సెరాయ్‌లో పెట్టే బజారు మాత్రం ఏ ఏడాదైనా చూడాల్సిందే.

సెలవు లేకపోయినా జాగ్రత్తగా ఉండాల్సిన నెల ఒకటుంది. చైనీస్ ఏడో నెలలో పితృదేవతల కోసం, దిక్కులేని ఆత్మల కోసం రోడ్డు పక్కన గడ్డిమీద అన్నం, పళ్ళు, అగరొత్తులు పెడతారు, కాగితపు డబ్బు కాలుస్తారు. మా అబ్బాయి చిన్నప్పుడు పరిగెడుతూ ఒకసారి వాటిమీద కాలేశాడు. పక్కనున్న ఆంటీ తిట్టలేదు గానీ ముఖం వాడిపోయింది. మన మహాలయ పక్షంలో పెట్టిన పిండాన్ని ఎవరైనా తొక్కితే ఎలా ఉంటుందో అలాగే. పాపకి ముందే చెప్పి ఉంచండి. అలాగే ‘గెటై’ అనే పాటల కచేరీలకి వెళితే ముందు వరస కుర్చీలు ఖాళీగా ఉంటాయి. అవి ఆత్మలకి. అక్కడ కూర్చోకూడదు.

మన పండుగలకి కావలసినవి లిటిల్ ఇండియాలో దొరుకుతాయి. పొంగల్ రోజుల్లో చెరుకుగడలు, టెక్కా మార్కెట్లో మామిడికాయలు. ఎండబెట్టిన వేపపువ్వు మాత్రం ఊరినుంచి తెచ్చుకోండి. 1975 నుంచి ఉన్న సింగపూర్ తెలుగు సమాజం ఉగాదిని దగ్గర్లోని వారాంతంలో చేస్తుంది. మట్టి వినాయకుణ్ణి బకెట్‌లో నిమజ్జనం చేసి ఆ నీళ్ళు కుండీలకి పోస్తాం. వరండాలో ముగ్గు నడిచే దారికి అడ్డం రాకుండా వేసుకోండి.

మీరు జనవరిలో వస్తున్నారు కాబట్టి మీకు మొదట ఎదురయ్యే పెద్ద పండుగ చైనీస్ న్యూ ఇయర్. ముందురోజు మధ్యాహ్నానికే పాలు, కూరగాయలు తెచ్చిపెట్టుకోండి. మార్కెట్లు చాలా వరకు మూసేస్తారు. లిటిల్ ఇండియాలో కొన్ని దుకాణాలు తెరిచే ఉంటాయి. చైనీస్ పొరుగువాళ్ళు పిలిస్తే వెళ్ళండి. నలుపు, తెలుపు బట్టలు వద్దు, ఎరుపు మంచిది. కమలాపళ్ళు రెండు, రెండు చేతులతో ఇవ్వాలి. ఒక్కటి ఇవ్వకూడదు. తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళు కూడా మీకు రెండు ఇస్తారు. పెళ్ళయినవాళ్ళు పిల్లలకి ఎర్ర కవరులో డబ్బు పెట్టి ఇవ్వాలి. సరిసంఖ్య ఉండాలి, నాలుగు మాత్రం వద్దు. కవర్లు కొన్ని ముందే తీసుకుని ఉంచుకోండి, లిఫ్టు దగ్గర ఊడ్చే ముసలాయనకి కూడా ఒకటి.