నీలం కాగానే పాదరసం అనుకోకు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ప్రాజెక్టుకి బంగారు నానో రేణువులతో నీళ్లలో పాదరసం అయాన్లు పడతానన్నావు. సంతోషం. ఎర్రగా ఉన్న ఆ రేణువులు పాదరసం తగిలి నీలమైతే దొరికిందనుకోవాలి, అదీ ఉపాయం. కానీ మొదటి వారం పాదరసం సీసా ముట్టుకోకు. ముందు గాజుసామాను ఆక్వా రీజియాతో (గాఢ హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమం), పొగలు లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే కడుగు. మిగిలినదాన్ని మూత బిగించి మాత్రం దాచకు, గ్యాస్ పట్టి సీసా పగులుతుంది.

బంగారం ఉండే క్లోరోఆరిక్ ఆమ్లం ద్రావణం తెర్లుతుండగా సిట్రేట్‌ని ఒక్కసారే పొయ్యి. లేత పసుపు విరిగి నీళ్లలా అవుతుంది, తర్వాత మసిబారుతుంది, ఊదాలోంచి మెల్లగా దానిమ్మ రసంలోకి దిగుతుంది. ఆ కాసేపూ ఫోను చూడకు. రేణువులు 13 నానోమీటర్ల దగ్గర వస్తే స్పెక్ట్రంలో శిఖరం, అంటే కాంతిని ఎక్కువగా పీల్చే చోటు, 520 నానోమీటర్ల దగ్గర కనబడాలి.

ఇక్కడే నేను బోల్తా పడ్డాను. సిట్రేట్ తప్ప వేరే పూత లేని రేణువుల్లో ఓ బోరు నీళ్లు పోశాను. క్షణంలో నేరేడుపండు రంగు! పాదరసం దొరికిందని స్టాఫ్ రూమంతా చెప్పొచ్చాను. తీరా చూస్తే అది బోరులోని ఉప్పు. ఉప్పు పడితే రేణువుల మీది విద్యుదావేశపు అడ్డు తగ్గి, ఒకదానికొకటి అంటుకుని నీలమవుతాయి. నీలం చెప్పేది గుంపు కట్టాయని మాత్రమే, ఎవరు కట్టించారో చెప్పదు.

అందుకే థైమీన్లు (డీఎన్ఏలోని నాలుగు క్షారాల్లో ఒకటి) నిండిన డీఎన్ఏ పోగు వాడు. అది రేణువులకు చుట్టుకుని, ఉప్పు వేసినా ఎర్రగానే ఉంచుతుంది. పాదరసం అయాను రెండు థైమీన్ల మధ్య దూరితే పోగు మడతపడి కాపలా వదిలేస్తుంది, అప్పుడు ఉప్పుకి నీలం. పక్కనే పాదరసం లేని గొట్టం, సీసం, కాడ్మియం, రాగి గొట్టాలు తప్పక పెట్టు. థైమీన్ లేని పోగుతో ఇంకొకటి. బోరు నీళ్లలో తెలిసినంత పాదరసం కలిపి, అంతా తిరిగి కనబడుతోందా చూడు.

ఇంకో మాట. తాగునీటిలో మన దేశపు ప్రమాణం లీటరుకి 1 మైక్రోగ్రాము. 2007లో అమెరికా రసాయన శాస్త్రవేత్త చాడ్ మిర్కిన్ బృందం డీఎన్ఏ అతికించిన రేణువులతో పసిగట్టగలిగిన కనీస హద్దు 100 నానోమోలార్, అంటే లీటరుకి సుమారు 20 మైక్రోగ్రాములు. ప్రమాణం దాటినా రంగు మారకపోవచ్చు, కాబట్టి ‘ఎర్రగా ఉంది, తాగొచ్చు’ అని మాత్రం రాయకు. అనుమానం ఉన్న శాంపిల్‌ని కోల్డ్ వేపర్ పద్ధతితో (పాదరసాన్ని ఆవిరిగా మార్చి కొలిచేది) సరిచూడు.

పాదరసం ఉన్న వ్యర్థాలు సింకులో పోయకు, వేరే డబ్బాలో పెట్టి లేబుల్ అంటించు. ఆదివారంలోపు ఉప్పు గొట్టాల ఫొటోలు పంపు. ట్యూబుల వెనక తెల్లకాగితం పెట్టి తియ్యి, పోయినసారి గోడ రంగే కనబడింది.

మీ మావయ్య