డిజైన్ ఊరికే పంచితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది కరీంనగర్. పాతికేళ్లుగా వెల్డింగ్ షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. బ్లేడ్లు మార్చుకునేలా సైకిల్ గుంటక ఒకటి డిజైన్ చేసి, డ్రాయింగులన్నీ నెట్‌లో పెట్టేశాడు. అడిగితే 'ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్' అంటాడు, ఎవరైనా ఊరికే తీసుకుని తయారుచేసుకోవచ్చట. ఎవరో తయారుచేసి అమ్ముకుంటే వీడికేం మిగులుతుంది? దీంతో ఉద్యోగం వస్తుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు పంపిన లింకు తెరిచి చూశానండీ. ముందు కుండబద్దలు కొట్టినట్టు చెబుతాను. 'ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ ఇంజినీర్' అన్న పేరుతో ఉద్యోగాలు వెతికితే దొరికేవి చాలా తక్కువ. ఉద్యోగాలు ఉండేది ప్రొడక్ట్ డిజైన్‌లో, ఎంబెడెడ్‌లో (అంటే యంత్రాల లోపల పనిచేసే ఎలక్ట్రానిక్స్), ఫ్యాక్టరీల్లో అచ్చులు, పనిముట్లు తయారుచేసే టూలింగ్ విభాగాల్లో. కాకపోతే అక్కడికి వెళ్లాక 'ఏం చేశావో చూపించు' అంటారు. మార్కుల మెమో తప్ప చూపించడానికి ఏమీ లేక నీళ్లు నమిలేవాళ్లను ఏటా చూస్తూనే ఉన్నాను. మీవాడికి ఆ కష్టం లేదు.

ఇలా పంచుకున్న పని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. 2005లో ఇంగ్లండ్‌లోని బాత్ యూనివర్సిటీలో ఏడ్రియన్ బోయర్ అనే ఆయన రెప్‌రాప్ పేరుతో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. తన భాగాల్లో చాలావాటిని తానే తయారుచేసుకునే 3డి ప్రింటర్ అది. డ్రాయింగులు ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. 2010 ప్రాంతంలో ప్రాగ్‌లో చదువుకుంటున్న జోసెఫ్ ప్రూషా ఆ డిజైన్‌ను తేలిగ్గా బిగించుకునేలా మార్చి, తన ఫైళ్లనూ అలాగే పంచాడు. అవి చూసి ఎక్కడెక్కడివాళ్లో ప్రింటర్లు కట్టుకున్నారు. 2012లో కంపెనీ పెట్టాడు. పేరు అప్పటికే జనం నోళ్లలో ఉంది మరి. అయితే మీ భయం ప్రూషాకూ తప్పలేదు. కాపీ కొట్టి అమ్మేవాళ్ల బెడద గురించి 2023లో బాహాటంగానే రాసి, కొత్త మోడల్ ఎలక్ట్రానిక్స్ ఫైళ్లను మునుపటిలా విడుదల చేయకుండా ఆపుకున్నాడు. అంటే మీరు అనవసరంగా భయపడటం లేదు.

అందుకే ఒక విషయం మీవాడికి గట్టిగా చెప్పండి. మన దేశంలో ఒక ఆలోచన బయటపెట్టేశాక దానికి పేటెంట్ తెచ్చుకునే దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఈ గుంటక సంగతి అయిపోయింది, వదిలేయండి. మున్ముందు నిజంగా కొత్త మెకానిజం ఏదైనా తడితే, అప్‌లోడ్ బటన్ నొక్కే ముందే పేటెంట్‌కు దరఖాస్తు చేయాలా వద్దా అని తేల్చుకోవాలి. కాలేజీ ల్యాబ్‌లో చేసిన పనైతే కాలేజీ నిబంధనలు కూడా చూసుకోవాలి. ఇంకొకటి, అతని ఫైళ్లలో లైసెన్స్, అంటే వాటిని ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే అనుమతి పత్రం, కనిపించలేదు. లైసెన్స్ లేకుండా నెట్‌లో పెడితే పంచినట్టు కాదు, ప్రదర్శనకు పెట్టినట్టే. ఇలాంటి డ్రాయింగుల కోసమే యూరప్‌లోని సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధనా సంస్థ 2011లో ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్స్ ఒకటి తయారుచేసింది. అందులో గట్టి రకం ఎంచుకుంటే, డిజైన్ మార్చి తయారుచేసి అమ్మేవాళ్లు తమ మార్పులను కూడా పంచాలి.

ఇక అసలు లోపానికి వస్తాను. ఫొటోలు బాగున్నాయి, బ్లేడు బిగించే క్లాంప్ చక్కగా కుదిరింది. కానీ డ్రాయింగ్‌లో పైపు '25 మి.మీ.' అని మాత్రమే ఉంది. బయటి కొలతా, లోపలి కొలతా? గోడ మందం ఎంత? ఒకచోట 'హ్యాండిల్ కొద్దిగా పైకి వంచాలి' అని రాశాడు. మీ షాపుకు ఎవరైనా వచ్చి 'కొద్దిగా వంచు' అంటే మీరేమంటారు? ఎన్ని డిగ్రీలని అడగరూ? ముఖం తెలియని మనిషి మళ్లీ ఒక్క ప్రశ్న కూడా అడగకుండా తయారుచేయగలిగితేనే అది ఓపెన్ డిజైన్. ఇంటర్వ్యూ చేసేవాళ్లు కూడా చూసేది దాన్నే. మెటీరియల్ లిస్టు, టాలరెన్సులు (కొలతలో ఎంత తేడా ఉన్నా ఫర్వాలేదన్న హద్దులు), బిగించే వరుస, ఏ వెర్షన్‌లో ఏది ఎందుకు మార్చాడన్నది. గుంటక ఎవరైనా చేస్తారు, ఇదంతా ఓపిగ్గా రాసేవాళ్లు దొరకరు.

సెలవుల్లో ఒకసారి హైదరాబాద్ రాయదుర్గంలోని టీ-వర్క్స్‌కు పంపండి. 2023లో తెరిచారు. నమూనాలు తయారుచేసుకునే యంత్రాలు ఒకేచోట ఉంటాయి, ఆ పని చేసేవాళ్లూ పరిచయమవుతారు. చదువుల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడకాన్ని ప్రోత్సహించే, ఐఐటీ బాంబేలోని ఫాసీ (FOSSEE) ప్రాజెక్టు ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌లకూ అప్లై చేయమనండి. డ్రాయింగులకు ఫ్రీక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎటూ వాడుతున్నాడు కాబట్టి, అందులో తనకు ఎదురైన లోపాలు ఫ్రీక్యాడ్ తయారుచేసేవాళ్లకు పద్ధతిగా రాసి పంపడం అలవాటు చేసుకున్నా మంచిదే. బ్యాక్‌లాగులు (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు) మాత్రం ఉండకూడదు. చాలా కంపెనీలు ముందు వాటి దగ్గరే వడపోస్తాయి.

ఈ ఆదివారం మీరొక పని చేయండి. అబ్బాయి పెట్టిన ఫైళ్లన్నీ ప్రింట్ తీయించి, మీ షాపులో, మీ చేత్తో ఆ గుంటక కట్టండి. అతన్ని ఇంట్లోనే ఉండమనండి. ఫోన్ చేసి ఏమీ అడగొద్దు. చెయ్యి ఆగిన ప్రతిచోటా కాగితం మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, సాయంత్రం ఆ కాగితాలు అతని చేతికివ్వండి.