టెక్ సందేహాలు: చక్రం లేని మౌస్ ఎవరి చేతికి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే వస్తువు చుట్టూ తిరిగాయి. పైన మీటలు, చక్రం కనిపించకుండా, నున్నటి వీపు మీద వేలితో నిమిరితే పేజీ జరిగే వైర్‌లెస్ టచ్ మౌస్ అది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కొన్నవారిలో కొందరు మాత్రం ఇబ్బంది పడుతున్నారు. అందుకే ఈ వారం మిగతా ప్రశ్నలు ఆపి వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తున్నాను. అమెరికా నుంచి వచ్చిన మా బావగారు యాపిల్ మ్యాజిక్ మౌస్ ఇచ్చారు. ఆఫీసులో నాది విండోస్ డెస్క్‌టాప్. బ్లూటూత్ డాంగిల్ కొని జత చేశాను. బాణం గుర్తు కదులుతోంది, క్లిక్ పడుతోంది. కానీ వేలితో ఎంత నిమిరినా పేజీ జరగడం లేదు. మౌస్ పాడైందా? – ఒక పాఠకుడు, హిమాయత్‌నగర్

జవాబు: మౌస్ బాగానే ఉంది. దాని భాష మీ కంప్యూటర్‌కు తెలియదు, అంతే.

ఈ మౌస్‌లో రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. అడుగున ఉన్న సెన్సర్ బల్ల ఉపరితలాన్ని క్షణక్షణం ఫొటో తీస్తూ, ఒక ఫొటోకూ మరోదానికీ ఉన్న తేడాను బట్టి మౌస్ ఎటు జరిగిందో లెక్క కడుతుంది. మామూలు వైర్‌లెస్ మౌస్‌లోనూ ఇదే పద్ధతి. పై పెంకు సంగతి వేరు. దాని కింద ఫోను తెరలో ఉన్నట్టే స్పర్శను పసిగట్టే అమరిక ఉంటుంది. వేలు ఆనిన చోట విద్యుత్ క్షేత్రంలో వచ్చే చిన్న మార్పును అది గుర్తిస్తుంది. ఫలానా చోట వేలు ఉంది, ఫలానా వైపు జరిగింది అన్న కబురు మాత్రమే మౌస్ పంపుతుంది. ‘దీని అర్థం పేజీని కిందికి జరపమని’ అని విడమరిచి చెప్పాల్సింది కంప్యూటర్‌లోని డ్రైవర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్. యాపిల్ సొంత కంప్యూటర్ మ్యాక్‌లో ఆ డ్రైవర్ ముందే ఉంటుంది. విండోస్‌లో లేదు కాబట్టి మీ కంప్యూటర్ దాన్ని రెండు మీటల మామూలు మౌస్‌గానే చూస్తోంది.

దారులు లేకపోలేదు. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మ్యాక్‌లలో విండోస్ నడుపుకోవడానికి యాపిల్ బూట్‌క్యాంప్ అనే ఏర్పాటు ఇచ్చింది. అందులోని మౌస్ డ్రైవర్‌ను విడిగా తీసి మామూలు విండోస్ కంప్యూటర్లలో వేసుకునేవారు ఉన్నారు. స్క్రోల్, అంటే వేలితో పేజీ జరపడం, వస్తుంది కానీ మ్యాక్‌లో చేసే మిగతా వేళ్ల విన్యాసాలు రావు. డబ్బు కట్టి వాడుకునే ప్రైవేటు సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. మీ సొంత కంప్యూటర్ అయితే ప్రయత్నించమనేవాడిని. ఆడిటర్ ఆఫీసు కంప్యూటర్‌లో నలుగురి లెక్కలు, పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఉంటాయి. ఎవరు పెట్టారో తెలియని చోటు నుంచి దించుకున్న డ్రైవర్‌ను అందులో వేయడం నాకు సమ్మతం కాదు. దయచేసి ఆ పని చేయకండి.

స్క్రోల్ పనిచేసినా మీ పనికి ఈ మౌస్ నప్పదని నా అభిప్రాయం. దానికి కారణం ఎక్సెల్‌. ఎక్సెల్‌లో కంట్రోల్ కీ పట్టుకుని స్క్రోల్ చేస్తే షీటు చిన్నదో పెద్దదో అవుతుంది. ఒక గడిలోని మొత్తాన్ని కాపీ చేస్తున్నారనుకోండి. ఎడమ చిటికెన వేలు కంట్రోల్ మీద ఉంది, కుడి చూపుడు వేలు మౌస్ వీపు మీద ఆని ఉంది. ఆ అర సెకనులో కుడి వేలు వెంట్రుకవాసి జరిగినా చాలు, 100 శాతంలో ఉన్న షీటు 85కో 70కో కుంచించుకుపోతుంది. అంకెలన్నీ చీమల బారులా మారిపోతాయి. చక్రం ఉన్న మౌస్‌లో అయితే చక్రం కటకటమని మెట్టుమెట్టుగా తిరిగితే తప్ప ఏమీ జరగదు. వేలు ఊరికే ఆనినంత మాత్రాన అది కదలదు. రోజుకు ఎన్నోసార్లు కంట్రోల్ నొక్కే చేతికి ఆ చిన్న బిగువే రక్షణ.

ఇంకొక మాట. మీ మౌస్‌కు పైపెంకు మొత్తం ఒకటే మీట. కుడి క్లిక్కా ఎడమ క్లిక్కా అన్నది ఏ వేలు ఆని ఉందో చూసి తేల్చుకుంటుంది. రెండు వేళ్లూ ఆనించి నొక్కితే ఎడమ క్లిక్ అనుకుంటుంది. కుడి క్లిక్ కావాలంటే చూపుడు వేలిని పైకి ఎత్తి మధ్య వేలితో నొక్కాలి. చాలామంది మౌస్ పాడైందని తిరిగి ఇచ్చేది ఈ ఒక్క విషయం తెలియకనే.

ఇంట్లో మ్యాక్ ఉంటే బావగారి కానుకను దానికి జత చేయండి. ఐప్యాడ్ ఉన్నా పరవాలేదు, 2020 నుంచి ఐప్యాడ్‌లు మౌస్‌ను చక్కగా అందుకుంటున్నాయి. అక్కడ వేలితో పక్కకు జరపగలగడం నిజంగా సుఖం. పన్నెండు నెలల పద్దు ఒకే షీటులో అడ్డంగా పరచుకున్నప్పుడు ఆ విలువ తెలుస్తుంది. ఆఫీసుకు మాత్రం చక్రం ఉన్న మౌస్ తెచ్చుకోండి.

ప్రశ్న: అమీర్‌పేట హాస్టల్‌లో ఉండి కోర్సు నేర్చుకుంటున్నాను. పాత డెస్క్‌టాప్, టచ్ మౌస్ కొనుక్కున్నాను. చిన్న రిసీవర్‌ను సీపీయూ వెనక పెట్టాను. బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఫైళ్లు ఎక్కిస్తున్నప్పుడు బాణం గుర్తు ఆగి ఆగి గెంతుతుంది. మిగతా సమయాల్లో బాగానే ఉంటుంది. – ఒక విద్యార్థి

జవాబు: ‘ఫైళ్లు ఎక్కిస్తున్నప్పుడు’ అని రాయడం మంచిదైంది. జబ్బు ఆ మాటలోనే దొరికింది. మీ మౌస్ రిసీవర్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద పనిచేస్తుంది. హార్డ్‌డిస్క్ పెట్టింది యూఎస్‌బీ 3.0 పోర్టులో అయి ఉండాలి. చాలా కంప్యూటర్లలో దాని లోపలి భాగం నీలం రంగులో ఉంటుంది. ఆ పోర్టులో డేటా వేగంగా పారుతున్నప్పుడు సరిగ్గా ఇదే 2.4 ప్రాంతంలో రేడియో రొద పుడుతుంది. ఈ సంగతిని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరంగా చెప్పింది. హార్డ్‌డిస్క్ పక్కనే ఉన్న రిసీవర్‌కు ఆ రొదలో మౌస్ గొంతు వినిపించదు.

పైగా సీపీయూ రేకు డబ్బా, అది బల్ల కింద, రిసీవర్ దాని వెనక, మౌస్ బల్ల మీద. సిగ్నల్ అంతా ఆ రేకును చుట్టి రావాలి. ఒక చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తీసుకుని రిసీవర్‌ను బల్ల మీదికి, మౌస్‌కు జానెడు దూరంలోకి తెచ్చి పెట్టండి. నా బల్ల దగ్గరా ఇదే చిక్కు వచ్చినప్పుడు మౌస్ మార్చాను, సెల్లులు మార్చాను, చివరికి ఆ కేబుల్‌తోనే తీరింది. కేబుల్ దొరికేలోపు రిసీవర్‌ను ముందువైపు నల్ల పోర్టులోకి మార్చి చూడండి. హాస్టల్ వైఫైకి 5 గిగాహెర్ట్జ్ ఉంటే కంప్యూటర్‌ను దానికి కలపండి, 2.4 మీద రద్దీ కొంత తగ్గుతుంది.

ప్రశ్న: కొత్త ఇంట్లో చదువుకునే బల్లకు నల్ల గ్రానైట్ వేయించాం. దాని మీద మౌస్ ఒకచోట పనిచేస్తుంది, మరోచోట పనిచేయదు. – ఒక గృహిణి, ఉప్పల్

జవాబు: పైన చెప్పిన ఫొటోల సంగతి గుర్తుకు తెచ్చుకోండి. సెన్సర్‌కు గరుకో, గీతో, నలుసో ఏదో ఒక గుర్తు కనిపించాలి. అద్దంలా మెరిసే నల్ల రాయిలో అది దొరకదు. చుక్కలున్న చోట దొరుకుతుంది, అందుకే ఒకచోట పనిచేస్తోంది. గాజు బల్లకూ ఇదే సమస్య. ఒక గుడ్డ మౌస్‌ప్యాడ్ వేయండి. అది వచ్చేలోపు పిల్లల నోటుబుక్కు అట్ట చాలు.

ప్రశ్న: మా నాన్నగారు పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయులు. తన జ్ఞాపకాలు కంప్యూటర్‌లో టైపు చేసుకుంటున్నారు. వయసు వల్ల చేయి కొద్దిగా వణుకుతోంది. చక్రం తిప్పడం కష్టంగా ఉందంటున్నారు. మెత్తగా తాకితే చాలు కదా అని టచ్ మౌస్ కొందామనుకుంటున్నాను. – ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: అమ్మా, కొనవద్దు. మీ ఆలోచన ప్రేమతో వచ్చింది, వినగానే సబబుగానూ అనిపిస్తుంది. కానీ చేతి వణుకు ఉన్నవారికి టచ్ మౌస్ పనిని ఇంకా కష్టం చేస్తుంది.

టచ్ మౌస్‌కు వేలు కావాలని కదిలిందా, దానంతట అది కదిలిందా అన్న తేడా తెలియదు. నాన్నగారు ఒక వాక్యం దగ్గర ఆగి ఆలోచిస్తూ చేయి మౌస్ మీద వదిలేస్తారు. వేలు సన్నగా అదురుతుంది. పేజీ పైకీ కిందికీ ఊగుతుంది. రాస్తున్న వాక్యం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇక అలాంటి మౌస్‌లలో చాలావరకు పలచగా, అరచేతికి ఆనకుండా ఉంటాయి. చాలామందికి చేయి గాలిలో ఉంటే వణుకు ఎక్కువవుతుంది, ఆనుకుంటే తగ్గుతుంది. ఆయనకు కావాల్సింది అరచేతిని నింపే, కాస్త బరువైన, పెద్ద చక్రం ఉన్న మౌస్.

అంతకంటే మంచిది ట్రాక్‌బాల్. ఇందులో మౌస్ కదలదు, బల్ల మీద స్థిరంగా ఉంటుంది. పైన ఉన్న బంతిని బొటనవేలితోనో రెండు వేళ్లతోనో దొర్లిస్తే బాణం గుర్తు కదులుతుంది. గురి కుదిరాక బంతి మీద నుంచి వేలు తీసేసి, తర్వాత మీట నొక్కవచ్చు. నొక్కేటప్పుడు గురి తప్పదు. వణికే చేతికి ఇది ఎంత ఊరటో పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది. అలవాటుకు వారం పడుతుంది, ఆ వారం ఆయన పక్కన ఎవరో ఒకరు ఉండండి.

కొనేముందు ఖర్చు లేని పనులు కొన్ని చేయండి. విండోస్ మౌస్ సెట్టింగుల్లో బాణం గుర్తు వేగం తగ్గించండి. దాని పరిమాణం పెంచి, రంగు మార్చండి. డబుల్ క్లిక్ వేగాన్ని బాగా తగ్గించండి, అప్పుడు రెండు క్లిక్‌ల మధ్య ఆలస్యమైనా కంప్యూటర్ ఓపిక పడుతుంది. పాత మౌస్ ప్రాపర్టీస్ కిటికీలో క్లిక్‌లాక్ అని ఒక సదుపాయం ఉంది. అది ఆన్ చేస్తే పేరాను ఎంచుకునేటప్పుడు మీటను అదిమి పట్టుకుని ఉండనక్కరలేదు. ఒకసారి కాసేపు నొక్కి వదిలితే పట్టు నిలుస్తుంది, మళ్లీ నొక్కితే విడిపోతుంది. రాతపని చేసే పెద్దవారికి ఇంత మేలు చేసే సదుపాయం మూలన పడి ఉండటం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. అలాగే పేజీ అప్, పేజీ డౌన్ కీలను ఆయనకు చూపించండి. తాను రాసినది చదువుకోవడానికి చక్రంతో పనే ఉండదు.

సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా ఆయనను తీసుకువెళ్లగలిగితే ఇంకా మంచిది. రెండు మూడు రకాలు చేత్తో పట్టుకుని చూడనివ్వండి. బొమ్మ చూసి తెప్పించిన మౌస్ ఆయన అరచేతికి సరిపోతుందో లేదో ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: మ్యాక్ ఉంది, మ్యాజిక్ మౌస్ కొనాలనుకుంటున్నాను. చార్జింగ్ పెట్టి వాడుకోవచ్చా? పెన్సిల్ సెల్లుల పాతది తక్కువకు దొరుకుతోంది, అది తీసుకోనా? – ఒక డిజైనర్, కూకట్‌పల్లి

జవాబు: చార్జింగ్‌లో ఉండగా వాడలేరు. పోర్టు మౌస్ అడుగున ఉంటుంది, కేబుల్ పెట్టాలంటే మౌస్‌ను పక్కకు పడుకోబెట్టాలి. 2015లో వచ్చిన నమూనాలో అలాగే ఉంది. 2024లో యూఎస్‌బీ–సీ ఇచ్చినప్పుడూ పోర్టును అక్కడే ఉంచారు. ఇది సరైన నిర్ణయమని నేను అనుకోను. అయితే దీనివల్ల పని ఆగిపోతుందన్న భయం అక్కరలేదు. రెండు నిమిషాలు చార్జి చేస్తే దాదాపు తొమ్మిది గంటలు వస్తుందని యాపిల్ చెబుతోంది. నిండుగా చార్జి చేస్తే నెల, ఆపైన నడుస్తుంది.

పాతది అంటే 2009లో మొదట వచ్చిన రకం. రెండు పెన్సిల్ సెల్లులు వేయాలి. తీసుకునేముందు వెనక మూత తెరిచి స్ప్రింగుల దగ్గర తెల్లటి, పచ్చటి పొడి పేరుకుందేమో చూడండి. సెల్లులు కారిన గుర్తు అది. ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. శుభ్రంగా ఉంటే తీసుకోవచ్చు. రెండు సెల్లులూ ఒకేసారి మార్చండి, పాతదీ కొత్తదీ కలపకండి. చార్జి చేసుకునే సెల్లులు వాడితే అవి 1.2 వోల్టులవి, మామూలువి 1.5. కాబట్టి బ్యాటరీ శాతం మొదటి నుంచే కాస్త తక్కువగా కనిపించవచ్చు, కంగారు పడనక్కరలేదు. సంక్రాంతికో దసరాకో ఊరెళ్లేటప్పుడు సెల్లులు తీసి పక్కన పెట్టి వెళ్లండి.