వాచీ లెక్క చూసి అన్నం పెట్టుకోకు

చిన్నీకి,

పిన్ని ఆశీస్సులు. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లన్నీ చూశాను. రోజుకు సగటున 2,350 కేలరీలు ఖర్చవుతున్నాయని నీ స్మార్ట్‌వాచీ అంటోంది. నువ్వేమో 1,850కి మించి తినడం లేదంటున్నావు. అయినా మూడు వారాలుగా కాటా 68 కిలోల దగ్గర్నుంచి కదలడం లేదు. "నాకు థైరాయిడ్ ఏమైనా వచ్చిందా పిన్నీ?" అని అడిగావు. అది రక్తపరీక్షలోనే తేలుతుంది, అనుమానంగా ఉంటే ఒకసారి టీఎస్‌హెచ్ చేయించుకో. కానీ నువ్వు పంపిన అంకెల్లో నాకైతే రోగం కనబడలేదు. రోజుకు 500 కేలరీలు నిజంగానే తక్కువ పడి ఉంటే మూడు వారాలకు పదివేలు దాటుతుంది. ఒక కిలో కొవ్వుకి సుమారు 7,700 అని లెక్కేస్తాం కాబట్టి ఈపాటికి కిలోకి పైనే తగ్గాలి. తగ్గలేదంటే ఆ 500 తేడా అంకెల్లో ఉంది, ముఖ్యంగా వాచీలో, నీ ఒంట్లో లేదు.

ఆస్పత్రిలో డైటీషియన్‌గా పనిచేసిన రోజుల్లో మొదట్లో పేషెంట్లు చిన్న నోట్‌బుక్ తెచ్చేవాళ్లు, చివరికొచ్చేసరికి మణికట్టు చూపించడం మొదలుపెట్టారు. నోట్‌బుక్‌లో అబద్ధాలుండేవి, అయినా అవి తిండి గురించి అబద్ధాలు, పట్టుకోవడం తేలిక. వాచీ అంకె అలా కాదు. మెషీన్ చెప్పింది కదా అని అందరూ దాన్ని రక్తపరీక్ష రిపోర్టులా నమ్మేస్తారు.

నీ వాచీ కేలరీలను కొలవదు. ఈ లెక్క కోసం అది ముఖ్యంగా కొలిచేవి రెండే: నీ చెయ్యి ఎంత ఊగుతోంది, చర్మం కింద రక్తం ఎన్నిసార్లు కొట్టుకుంటోంది. వెనకాల మెరిసే ఆ ఆకుపచ్చ లైటు రెండోదాని కోసమే. వీటికి నువ్వు సెటప్‌లో ఇచ్చిన వయసు, ఎత్తు, బరువు కలిపి ఒక సూత్రంలో వేసి అంకె చెబుతుంది. ఒంటి ఖర్చు నిజంగా కొలవాలంటే ముక్కు, నోరు మూసేలా మాస్కు పెట్టి పీల్చే గాలిని, వదిలే గాలిని లెక్కగట్టాలి. లేదా ప్రత్యేకమైన ఐసోటోపులున్న (ఒంట్లో జాడ పట్టగలిగే అణువులున్న) నీళ్లు తాగించి వారం, పది రోజులు మూత్రం పరీక్ష చేయాలి. నీ మణికట్టు మీద ఆ రెండూ లేవు.

2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 60 మందికి ఏడు రకాల బ్యాండ్లు కట్టి చూశారు. గుండె వేగం విషయంలో ఏడింట్లో ఆరు బాగానే చెప్పాయి, తప్పు 5 శాతం లోపే. కేలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నిటికన్నా అధ్వానమైనది 93 శాతం. ఆ తర్వాత మోడళ్లు మారాయి, నీది కొత్తది, నిజమే. కానీ గుండె వేగం నుంచి కేలరీలు ఊహించే పద్ధతిలోనే ఉన్న ఇబ్బంది మోడల్ మారితే పోదు. మీ మేనేజరు కాల్‌లో అరిస్తే నీ గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఎండలో బస్టాపులో నిలబడితే కొట్టుకుంటుంది, రెండో కాఫీ తాగితే కొట్టుకుంటుంది. టెన్షన్‌కి కొవ్వు కరగదు కదా!

చెయ్యి ఊగడం సంగతీ అంతే. చపాతీ పిండి పిసికితే అడుగులు పడతాయి. సూపర్‌మార్కెట్లో ట్రాలీ పట్టుకుని అరగంట తిరిగితే చాలావరకు పడవు, ఎందుకంటే చెయ్యి కదలలేదు. జిమ్‌లో బరువులెత్తినప్పుడు పిడికిలి బిగుసుకుని మణికట్టు దగ్గర రీడింగ్ తడబడుతుంది. గాజులు వాచీ మీదకి జారకుండా చూసుకో. మణికట్టు ఎముకకి రెండు వేళ్లు పైన, మరీ వదులుగా కాకుండా కట్టుకో. వదులైతే ఒక్కోసారి నీ అడుగుల వేగాన్నే గుండె వేగం అనుకుంటుంది.

ఇక నీ ఖర్చు నిజంగా ఎంత ఉండొచ్చో చూద్దాం. 29 ఏళ్లు, 158 సెంటీమీటర్లు, 68 కిలోలు. వయసు, ఎత్తు, బరువు బట్టి విశ్రాంతి ఖర్చు అంచనా వేసే మిఫ్లిన్ సూత్రం ప్రకారం కదలకుండా పడుకున్నా రోజుకు 1,360 దాకా ఖర్చవుతాయి. ఇలాంటి సూత్రాలు ఎక్కువగా పడమటి దేశాల వాళ్ల మీద కట్టినవి. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లు శక్తి అవసరాలు లెక్కగట్టేటప్పుడు భారతీయులకు ఈ విశ్రాంతి ఖర్చును కొంత తగ్గించే తీసుకుంటారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టికలో, కూర్చుని పనిచేసే 55 కిలోల స్త్రీకి రోజుకు 1,660 అని ఉంది. నీ బరువు ఎక్కువ, సాయంత్రం నడక కూడా ఉంది. 1,850 దగ్గర బరువు నిలకడగా ఉండటంలో వింతేమీ లేదు. వింతగా ఉన్నది 2,350యే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. నువ్వు తగ్గకపోవడానికి, రేపు పెరగడానికి కూడా కారణమయ్యేది ఒక అలవాటు ఉంది. నడిచొచ్చాక వాచీ చూసుకుని "ఈరోజు 238 సంపాదించాను" అని దానికి సరిపడా ఏదో ఒకటి తినడం. నీ డైరీలో అది నాలుగైదు చోట్ల కనబడింది. ఆ 238లో మోసం ఉంది. గంటసేపు నువ్వు సోఫాలో కూర్చున్నా 57 ఎలాగూ ఖర్చయ్యేవి. నడిచినందుకు అదనంగా వచ్చింది 180. అదీ వాచీ తప్పు చెప్పకపోతే. 180 అంటే ఒక గుప్పెడు వేరుశనగ గుళ్లు, 35 గ్రాములు. గంట నడక రెండు నిమిషాల్లో నమిలేస్తావు. పైగా నీ ఫుడ్ యాప్‌కి వాచీని కలిపావు కాబట్టి, అది కూడా ఈ కేలరీలను నీ కోటాకి జమ చేసి "ఇంకా తినొచ్చు" అని చూపిస్తోంది. యాప్‌లో నువ్వు మొదట్లోనే "కొంచెం యాక్టివ్" అని ఎంచుకున్నావు. అంటే నడక ఒకసారి అక్కడ లెక్కయింది, మళ్లీ వాచీ నుంచి రెండోసారి. ఆ లింకు తీసెయ్. నడక మానకు, దాని బదులుగా తినడం మాను.

వాచీలో రెండు రకాల అంకెలుంటాయని గమనించు. మొత్తం ఖర్చు ఒకటి, కదలిక వల్ల అయిన ఖర్చు ఒకటి. మధ్యాహ్నం నువ్వు నిద్ర లేచేసరికే "అప్పుడే 700 అయ్యాయి" అని సంబరపడి మెసేజ్ పెట్టావు. అందులో చాలావరకు నువ్వేమీ చేయకపోయినా ఊపిరి తీసుకున్నందుకు, గుండె కొట్టుకున్నందుకు అయ్యే ఖర్చే. ఇంకో చిక్కు నీ నైట్ షిఫ్టు. అర్ధరాత్రి పన్నెండుకి వాచీ సున్నా నుంచి మొదలెడుతుంది. ఒంటిగంటకి ఆఫీసు క్యాంటీన్లో నువ్వు తినే భోజనం మర్నాటి ఖాతాలో పడుతుంది. అందుకే నీకు ఒకరోజు "తక్కువ తిన్నాను", ఇంకోరోజు "దారుణంగా తిన్నాను" అనిపిస్తోంది. నీ రోజు నువ్వు లేచినప్పుడు మొదలై పడుకున్నప్పుడు ముగుస్తుంది. డైరీ అలా రాసుకో. వాచీ అంకెనైతే రోజువారీగా చూడనే చూడకు, వారానికి సగటు ఒక్కటే తీసుకో.

మరి వాచీ ఎందుకూ అంటే, గోడ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుంటే పారేస్తామా? పది తీసేసి చూసుకుంటాం. నీ వాచీ కూడా తప్పే చెబుతోంది, కానీ చాలావరకు ఒకేలా తప్పు చెబుతోంది. ఎంత తప్పో పట్టుకోవడానికి నీ దగ్గర కాటా ఉంది.

ఇంకో మూడు వారాలు ఇప్పుడు తింటున్నట్టే తిను, ఏదీ తగ్గించకు. రోజూ లేవగానే బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, కాఫీ తాగకముందు బరువు చూసుకుని రాసిపెట్టుకో. ఏడు రోజులకు సగటు తీయి. ఒక్కరోజు బరువుని పట్టించుకోకు. ఆవకాయ, అప్పడాలు గట్టిగా తిన్న మర్నాడు ఉప్పు పట్టి ఉంచిన నీళ్లతో బరువు పెరుగుతుంది, నెలసరి ముందు కూడా కిలో దాకా పెరగొచ్చు. అది కొవ్వు కాదు. అందుకే ఈ నెల మూడో వారాన్ని పోయిన నెల మూడో వారంతో పోల్చుకోవడం మంచిది.

మూడు వారాల సగటులూ 68 దగ్గరే ఉంటే, నీ నిజమైన ఖర్చు నువ్వు తింటున్న 1,850. వాచీ 2,350 అంది కాబట్టి నూటికి 79 పాళ్లే నిజం. ఇక నుంచి వాచీ వారపు సగటు ఎంత చూపించినా దాన్ని 0.79తో గుణించు. నీ ప్రశ్న నాకు తెలుసు, "నేను రాసే 1,850 మాత్రం కరెక్టా పిన్నీ?" కాకపోవచ్చు. రాయడం మర్చిపోయినవి కలిపితే అది 2,050 కూడా కావచ్చు. నువ్వు ఎప్పుడూ ఒకే తీరుగా రాస్తున్నంత కాలం ఫర్వాలేదు. నీ తప్పూ, వాచీ తప్పూ ఆ 0.79లోనే సర్దుకుంటాయి. రాసే తీరు మధ్యలో మార్చావంటే మాత్రం లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఆ తర్వాత 1,850 నుంచి 300 తగ్గించు. అంతకన్నా వద్దు. వారానికి పావు కిలో చొప్పున దిగుతుంది. మొదటి వారం ఎక్కువ దిగితే అది నీరు, పొంగిపోకు. 1,360 కిందికి మాత్రం ఎప్పుడూ పోవద్దు, ఎవరు ఏ చార్టు పంపినా సరే. తగ్గించేటప్పుడు అన్నం, నూనె తగ్గించు, పప్పు, గుడ్లు, పెరుగు కాదు. ఐసీఎంఆర్ లెక్కన కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. నీకు 56 అవుతుంది, 60 అనుకో. నాలుగైదు కిలోలు తగ్గాక వాచీలో నీ బరువు మార్చడం మర్చిపోకు. ఒళ్లు తగ్గితే ఖర్చూ తగ్గుతుంది. అప్పుడు మళ్లీ మూడు వారాలు చూసి కొత్త లెక్క కట్టుకో.

అన్నం ఉడికాక కప్పులతో కొలవకు. బియ్యం తూకం వేసి వండు. 150 గ్రాముల బియ్యానికి 525 దాకా ఉంటాయి. కుక్కర్లోంచి తీసిన అన్నం మొత్తం తూస్తే 420 గ్రాములొచ్చిందనుకో, గ్రాముకి 1.25. నీ కంచంలోది తూచి గుణించు. మెత్తగా వండినా, పలుకుగా వండినా ఈ పద్ధతిలో తేడా రాదు.

నూనె దగ్గరే అందరూ బోల్తా పడతారు. ఎవరూ చెంచాతో కొలిచి పోపు పెట్టరు, పెట్టమని నేనూ చెప్పను. నెల మొదట్లో ప్యాకెట్లు లెక్కపెట్టు, నెలాఖరున మిగిలింది చూడు. నువ్వూ నీ రూమ్‌మేటూ కలిసి నెలకు మూడు లీటర్లు వాడుతున్నామన్నావు. లీటరు నూనె 915 గ్రాములు తూగుతుంది. ఒక్కొక్కరికి రోజుకు 45 గ్రాములు పైనే పడుతుంది, అంటే 400 కేలరీలు. నీ డైరీలో నూనె పేరుతో ఎంత రాశావో ఒకసారి చూసుకో. కర్రీ పాయింట్ నుంచి తెచ్చే వేపుళ్లు ఇందులో లేవు. ఆ కూర డబ్బా మూత తీసి కాసేపు పక్కకి వంచి పెట్టు, మూలన చేరేదాన్ని చూస్తే నేను వేరే చెప్పక్కర్లేదు.

వాచీ పెట్టుకున్నంత మాత్రాన బరువు తగ్గరని 2016లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో చేసిన అధ్యయనంలో తేలింది. 470 మందిని రెండేళ్లు చూశారు. అందరికీ ఒకటే తిండి, వ్యాయామం సలహాలు. బ్యాండు ఇచ్చినవాళ్లు సగటున మూడున్నర కిలోలు తగ్గితే, బ్యాండు లేనివాళ్లు ఆరు కిలోల దాకా తగ్గారు. ఎందుకో గట్టిగా తేలలేదు. నా అనుమానం మాత్రం పైన చెప్పిన వేరుశనగల మీదే.

నాన్నగారికి వాచీ కొనిస్తానన్నావు, కొను. అడుగులు చూసుకుంటారు, మంచిదే. కానీ ఆయన బీపీకి వాడే మాత్ర బీటా బ్లాకరు, అది గుండె వేగాన్ని అదుపులో ఉంచుతుంది కాబట్టి వాచీ కేలరీలు ఇంకా తప్పుగా వస్తాయి. షుగరు మాత్రలు కూడా వేసుకుంటున్నారు, అంకె చూసి అన్నం తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు. ఆ పని డాక్టరుతో మాట్లాడాకే. ఇంకో మాట నీకు. ఏ రోజైనా వాచీలో ఆ రోజు లక్ష్యం చూపించే రింగు పూర్తవలేదని భోజనం మానెయ్యాలనిపించినా, తిన్నందుకు భయమేసినా, వాచీ తీసి డ్రాయర్లో పెట్టి నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా ఫర్వాలేదు.

మూడు వారాలయ్యాక నాకు వారాల సగటు బరువులు, వాచీ వారపు సగటు, డైరీ పేజీల ఫొటోలు పంపు. రోజుకో స్క్రీన్‌షాట్ మాత్రం పంపకు. మీ అమ్మకి ఈ అంకెలేవీ చెప్పకు, సంక్రాంతికి నువ్వు వచ్చేసరికి అరిసెలు వండటం మానేస్తుంది. నాకూ దొరకవు.

ప్రేమతో,
పిన్ని